పంపితిమనుటతో పని తీరునా?

మా యింట నొక నెట్‌వర్కు ఇంజనీరు కలడు. మా తమ్ముని కుమారుడు. వాని ఉద్యోగ మెట్టిదో బంధువులకు బోధపరచుట మాకు పదేండ్లుగా తీరని సమస్యగా నున్నది. పెండ్లిమాటలనాడు పెండ్లికుమార్తె తాతగారు వానిని పరీక్షగా చూచి, "నెట్టు అంటే వల గదా నాయనా, వలకు ఇంజనీరేమిటి? కాశిమేడు రేవులోనా ఉద్యోగం?" అని అడిగిరి. అది హాస్యమో, నిజముగా సందేహమో నాకు నేటికిని తెలియదు. మావాడు మాత్రము తొణకక, "అవును తాతగారూ, వలే. కాని మేము చేపలు పట్టము. దారి తప్పినవాటిని వెదికి ఇంటికి చేరుస్తాము" అనెను. సంబంధము కుదిరినది.

వాడు పనిచేయు సంస్థ పాత మహాబలిపురము రోడ్డున నున్నది. అమెరికావారికి తెల్లవారినపుడు వానికి పని మొదలగును. కనుక మన పురసవాక్కము నిద్రించువేళ వాడు మేల్కొని యుండును. గంగాధీశ్వరుని కోవెలలో ఉదయపు గంట మ్రోగువేళ దుప్పటి కప్పుకొనును. తీగ యున్న ప్రతి వస్తువును వాని శాఖ క్రిందికే వచ్చునని మా వీధివారి నమ్మకము. టి.వి.లో బొమ్మ రాకున్నను, మిక్సీ తిరుగకున్నను వానికే కబురు. వాడు చెప్పు చికిత్స ఒక్కటే: "ఆపి, పది లెక్కపెట్టి, మళ్ళీ వేయండి." చాలమారులు అది పనిచేయును. "ఇంత చదువు చదివింది ఇందుకేనా?" అని మా ఆవిడ అడుగగా, "పెద్దమ్మా, పది లెక్కపెట్టే ఓపిక ఎవరికీ లేదు. అందుకే మాకు జీతం" అనెను.

నేను ఎస్.ఎస్.ఎల్.సి. వరకు చదివినవాడను. 1979లో ఈ నగరమున నొక కార్యాలయములో గుమస్తాగా చేరి, 2017లో విరమించితిని. అందు అధికభాగము తపాలు విభాగముననే గడచినది. వచ్చిన కాగితమును ఒక రిజిస్టరులో, పోవు కాగితమును మరియొక రిజిస్టరులో ఎక్కించి, నంబరు వేసి, కవరుపై విలాసము వ్రాసి, బిళ్ళ అంటించి పంపుట నా పని. లోపలి విషయము నాది కాదు. పైనున్న విలాసము నాది. ఇట్టి పనిలో తత్త్వవిచారమున కవకాశ మేమున్నదని నేను తలచెడివాడను. మావాని పని నాకు పరలోకపు విద్యవలె తోచెడిది.

ఆ మధ్య మా వీధిలో రోడ్డు తవ్వగా తీగ తెగి, నాలుగు దినములు ఇంటర్నెట్టు లేకపోయెను. ఇంటినుండి పనిచేయవలసిన మావాడు చేయునది లేక, సాయంకాలములందు మేడమీద నాతో కూర్చుండెను. ఆ నాలుగు దినముల మాటలలో తేలినదేమనగా, వానిదియు నాదియు ఒకే వృత్తి. అంతకన్న ముఖ్యముగా, ముప్పదియేండ్లకు పైగా నన్ను విడువక వేధించిన యొక ప్రశ్నకు వానివద్ద సగము జవాబు దొరకినది. ఆ సగమును చదువరులతో పంచుకొనుటకే ఈ వ్యాసము.

వాడు చెప్పినది నాకు బోధపడిన రీతిని వ్రాయుచున్నాను. కంప్యూటరు దీర్ఘమైన లేఖను ఒక్క కవరులో పెట్టి పంపదు. దానిని చిన్నచిన్న ముక్కలుగా విడగొట్టి, ముక్కకొక కార్డు వ్రాసినట్లు వ్రాసి, ప్రతి కార్డుపైనను పంపువాని విలాసము, అందుకొనువాని విలాసము, వరుస సంఖ్య వేయును. ఆ కార్డునకు ప్యాకెట్టు అని పేరు. దారిలో కూడలికొక గుమస్తా కలడు. ఆ యంత్రమును రౌటరందురు. అది విలాసము మాత్రము చూచి, తరువాతి కూడలి ఏదో నిర్ణయించి, అటు త్రోయును. ఒక కార్డు వేపేరి మీదుగా పోవచ్చును, మరియొకటి కెల్లీసు మీదుగా పోవచ్చును. వెనుక బయలుదేరినది ముందు చేరవచ్చును. చివరనున్న కంప్యూటరు వరుస సంఖ్యలు చూచి, అన్నిటిని కుదిర్చి, లేఖను తిరిగి కూర్చుకొనును. "నీవు చెప్పినది మా తపాలు విభాగమే గదరా!" అంటిని. "అదే పెదనాన్నా. కాని మా గుమస్తాలు మధ్యాహ్నం కాఫీకి లేవరు" అనెను.

విలాసముల విషయమున మన నగరవాసులకు క్రొత్తగా నేర్చుకొనవలసినది లేదు. చెన్నైలో ఇంటికి పాత నంబరు, కొత్త నంబరు అని రెండుండుట మనకు అలవాటే. రెండును వ్రాయనిచో ఉత్తరము పట్టుకొని తపాలాబంట్రోతు వీధియంతయు తిరుగవలసినదే. కంప్యూటర్ల లోకమునను ఇట్టిదే యొక చిక్కు కలదు. మనుష్యులకు పేర్లు జ్ఞాపకముండును, యంత్రములకు అంకెలు కావలయును. పేరు చెప్పిన అంకె చెప్పు ఏర్పాటును 1983లో పాల్ మొకపెట్రిస్ అను నతడు రూపొందించెను. దానికి డి.ఎన్.ఎస్. అని పేరు. అది చెడినచో దారులన్నియు బాగుగనే యుండియు, ఎవరికిని ఎవరి యిల్లును దొరకదు. ఏమి చెడినను తుదకు తప్పు డి.ఎన్.ఎస్.దే యని తేలునని ఇంజనీర్లలో నొక సామెత కలదట. మా కార్యాలయమున ఆ గౌరవము తపాలు గుమస్తాకు దక్కెడిది.

ఈ విద్య పుట్టుకలో నాకు మిక్కిలి నచ్చిన ఘట్టమొకటి కలదు. 1969 అక్టోబరు 29వ తేదీ రాత్రి, లాస్ ఏంజలిసులోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు కంప్యూటరునుండి స్టాన్‌ఫర్డు పరిశోధనాలయపు కంప్యూటరునకు మొదటి సందేశము పంపిరి. 'లాగిన్' అను మాట పంపవలెనని యత్నము. ఎల్ అను అక్షరము కొట్టి, టెలిఫోనులో "వచ్చినదా?" అని అడిగిరి. వచ్చినదని అవతలివారు చెప్పిరి. ఓ అను అక్షరము కొట్టి మరల అడిగిరి. వచ్చినదనిరి. మూడవ అక్షరమునకు యంత్రము కూలబడెను. కనుక ఆ జాలమున మొదట చేరిన సందేశము రెండే అక్షరములు. తెలుగున చదివిన 'లో'. అది ఇంగ్లీషువానికి తెగిపోయిన మాటగా తోచునేమో గాని, మనకు లోపలికి రమ్మని పిలిచినట్లే యున్నది. ఆ చమత్కారము నటుంచి, నాకు నచ్చినది ఆ టెలిఫోను. కొత్త దారి వేసిన పండితులు సైతము, చేరినదా యని అక్షరమునకొకమారు అడుగక, ముందునకు సాగలేదు.

మన నగరమునకు ఈ చరిత్రలో తక్కువ స్థానము లేదు. 1986లో ఆరంభమైన ఎర్నెట్టు అను విద్యాసంస్థల జాలమున మదరాసు ఐ.ఐ.టి. మొదటినుండియు నున్నది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్‌వారు ఇంటర్నెట్టును ప్రజలకు తెరచినపుడు, మొదటి నగరములలో మనదియు నొకటి. అప్పటికింకను ఊరి పేరు మదరాసే. మరుసటి యేడు చెన్నై యైనది. సముద్రగర్భపు తీగలు కొన్ని మన తీరముననే గట్టెక్కినవి. ఇక్కడినుండియే అండమానునకు వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల తీగను 2020 ఆగస్టులో ప్రారంభించిరి. ఇంతటి రాజమార్గపు ముఖద్వారమున నుండియు, వీధిలో గడ్డపార తగిలిన దినమున మేము ద్వీపాంతరవాసులమే యైతిమి.

తీగ తెగిన సంగతి ఫోనులో చెప్పగా, సేవ నిచ్చువారు "మా వైపు అంతా సరిగానే ఉంది" అనిరి. తీగ వేసిన కాంట్రాక్టరును అడుగగా అతనిదియు అదే మాట. తవ్వినవారిని అడుగగా, తవ్వకమునకు అనుమతి యున్నదనియు, తమ వైపు ఏ లోపము లేదనియు చెప్పిరి. మూడు వైపులును సరిగా నుండ, నడుమనున్న మేము మాత్రము చీకటిలో నుంటిమి. నేను కోపముతో ఆక్షేపింపగా మావాడు నవ్వెను. "పెదనాన్నా, మా వృత్తిలో అన్నిటికన్నా ఎక్కువసార్లు పలికే మంత్రం అదే. రాత్రి ఒంటిగంటకు అమెరికావాడు మొరపెట్టుకుంటే నేనూ అదే చెప్పి ఫిర్యాదు మూసేస్తాను. అబద్ధం కాదు. నిజంగానే మా వైపు సరిగానే ఉంటుంది."

నేను నవ్వలేకపోతిని. ఏలయన, ఆ మంత్రమును వానికన్న ముందే నేర్చినవాడను నేను.

అది 1991వ సంవత్సరము. మా కార్యాలయమున కావలివాడుగా పనిచేసి మరణించిన యొకని భార్య కుటుంబ పింఛను కొరకు తిరుగుచుండెను. ఆమెయు మన తెలుగువారి బిడ్డయే. మావద్దనుండి ఒక ధ్రువపత్రము మరియొక కార్యాలయమునకు పోవలయును. నేను పంపితిని, నంబరు వేసితిని. నెలదినముల తరువాత ఆమె వచ్చి, కాగితము అందలేదని అక్కడివారు చెప్పుచున్నారనెను. నేను రిజిస్టరును ఆమెవైపు త్రిప్పి, ఎఱ్ఱసిరాతో వేసిన నంబరును వ్రేలితో చూపితిని. ఆమెకు చదువు రాదు. "పంపేశామమ్మా, ఇదుగో" అంటిని. ఆమె ఆ నంబరును ఒక చీటిపై వ్రాయించుకొని పోయెను. మరల వచ్చెను, మరల చూపితిని. నాలుగవమారు వచ్చినపుడు చాలసేపు రిజిస్టరువంకనే చూచి, "నంబరు ఇక్కడుంది సామీ. కాయితం ఎక్కడుంది?" అని అడిగెను. ప్రక్క బల్లలవారు నవ్విరి. నేనును నవ్వితిని. తరువాత ఆమె రాలేదు.

ఎనిమిది నెలల పిదప, పాత కాగితములు పారవేయుటకై కట్టలు విప్పుచుండగా, తిరిగివచ్చిన కవరుల కట్టలో ఆ కవరు కనబడెను. నేను పంపుటకు కొలదికాలము ముందే ఆ కార్యాలయము వేరొక వీధికి మారియుండెను. నేను పాత విలాసము వ్రాసితిని. తపాలావారు తమ ధర్మము తప్పక, ఆ విలాసమున లేరని కవరుపై వ్రాసి త్రిప్పి పంపిరి. ఆ కట్ట ఆ నెలలన్నియు నా బల్లక్రిందనే, నా పాదములకు తగులుచునే యుండినది. ఆ దినముననే కవరు పట్టుకొని స్వయముగా పోయి, ఇచ్చి, రసీదు తెచ్చితిని. ఆమె ఇంటికిని పోయితిని. ఇల్లు ఖాళీచేసి నెల్లూరువైపు ఏదో పల్లెకు వెళ్ళినదని చెప్పిరి. ఏ పల్లెయో వారికి తెలియదు. ఆమెకు పింఛను అందినదో లేదో నేను నేటికిని ఎరుగను. నాపై ఎవరును ఫిర్యాదు చేయలేదు. నిబంధనల ప్రకారము నాకు తప్పు లేదు. పంపితిని, నంబరున్నది.

నా ప్రశ్న అదియే. పంపితినను మాట నిజమైనపుడు, పంపినవాని బాధ్యత అంతటితో తీరునా?

మావాడు కొంతసేపు ఊరకుండి, "మీ కథ మా పుస్తకాల్లో ఉంది పెదనాన్నా" అనెను. 1984లో సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు ప్రచురించిన యొక ప్రసిద్ధ వ్యాసమును గూర్చి చెప్పెను. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థ నెట్‌వర్కులో, కూడలికి కూడలికి నడుమ ప్రతి ముక్కను సరిచూచు ఏర్పాటుండెను. అందరును ఆ తనిఖీని నమ్మి నిశ్చింతగా నుండిరి. కాని ఒక కూడలి యంత్రము, తాను లోనికి తీసికొన్నదానిని వెలుపలికి పంపుటకై ఎత్తి వ్రాయునపుడు, సుమారు పదిలక్షల అక్షరములకొకమారు ఒక జంటను తారుమారు చేయుచుండెను. దారిలో తనిఖీ యంతయు సరి; ఎవరి వైపు చూచినను సరి; చేరిన లేఖ మాత్రము తప్పు. తుదకు యజమానులు పాత అచ్చుప్రతులు ముందుంచుకొని చేతితో సరిచూచుకొనవలసి వచ్చెను. ఆ వ్యాసకర్తల తీర్మానమును నా మాటలలో చెప్పిన నిట్లుండును: దారి యెంత మంచిదైనను, చేరినదో లేదో, చేరినది సరియో కాదో తేల్చుకొను భారము రెండు కొనలయందున్నవారిదే. నడుమనున్నవారు సాయపడగలరు గాని పూచీ పడలేరు.

1974లో వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అనువారు ప్రతిపాదించిన పద్ధతినుండి ఏర్పడి, 1983 జనవరి 1 నుండి ఆర్పానెట్టు అను అమెరికా జాలమున అమలులోనికి వచ్చిన టి.సి.పి. ఈ ధర్మముననుసరించియే నడచుచున్నది. పంపువాడు ప్రతి ముక్కకును నకలు తనవద్ద నుంచుకొనును. అందినదని అవతలనుండి కబురు వచ్చువరకు దానిని పారవేయడు. నిర్ణీతకాలములో కబురు రానిచో, ఎవరును వచ్చి అడుగకయే, మరల పంపును. నాలుగుమారులు కాదు, ఒక్కమారైనను ఎవరును వచ్చి అతని బల్లముందు నిలువ నక్కరలేదు.

మరియొక ఏర్పాటు విని నేను ఆశ్చర్యపడితిని. ప్రతి ప్యాకెట్టునకును పుట్టుకతోనే ఆయుర్దాయము వ్రాసి యుండును. అది 255కు మించదు. కూడలి దాటినకొలది ఒకటి చొప్పున తగ్గి, సున్న కాగానే దానిని అక్కడనే పారవేయుదురు. లేనిచో త్రోవ తప్పినవి కల్పాంతమువరకు తిరుగుచునే యుండును. మా కార్యాలయపు ఫైళ్ళకు ఇట్టి నియమ ముండినచో ఎన్ని బల్లలకు ముక్తి కలిగెడిదో! కాని పారవేయు రౌటరు సాధారణముగా ఊరకుండదు. "నీవు పంపినది ఇక్కడ ముగిసినది" అని పంపినవానికి కబురంపును. ప్రాణము లేని యంత్రమునకు సైతము ఆ మర్యాద నేర్పిరి. తపాలావారు నాయెడ దానిని పాటించిరి. నేను ఆ స్త్రీయెడ పాటింపలేదు.

ఈ మర్యాద మన పెద్దలు ఎరుగనిది కాదు. హనుమంతుడు ఉంగరమును సీతమ్మ చేతికిచ్చినంతనే తన పని తీరినదని తలచలేదు. చూడామణిని అడిగి తెచ్చెను. తిరిగి వచ్చి శ్రీరామునితో చెప్పునపుడు, సీత పేరుకన్న ముందు చూచితినను మాట పలికెనని పౌరాణికులు విశేషముగా చెప్పుదురు. వినువాని ప్రాణము క్షణమైనను సందేహమున నూగరాదని దాని తాత్పర్యము. మన యిండ్లలో ఉత్తరము వ్రాయువారు మొదట 'ఉభయ కుశలోపరి' అని, ఇచ్చట క్షేమమని, అచ్చటి క్షేమమునకు వ్రాయవలయునని కోరెడివారు. ఇది చెప్పగా మావాడు లేచి నిలుచుండి, "మా యంత్రాలు మాట మొదలుపెట్టేదీ ఇలాగే! నేనున్నాను, నువ్వున్నావా? ఉన్నాను, నా మాట విన్నావా? విన్నాను. ఈ మూడూ అయ్యాకే అసలు విషయం" అనెను. 'ఉభయ' యని మనము అలవాటుగా వ్రాసితిమే గాని, అందులో రెండు కొనలున్నవని నేనెన్నడును తలపలేదు.

ఇక్కడికే నిలిపినచో వ్యాసము సుఖముగా ముగిసెడిది. కాని మావాడు నన్నంత సులభముగా విడువలేదు. నెట్‌వర్కు నియమపత్రములు వెలువరించువారికి ఏప్రిల్ మొదటి తేదీన హాస్యపత్రములు వెలువరించు అలవాటు కలదట. 1990లో డేవిడ్ వైట్స్‌మన్ అను నతడు, పావురముల కాళ్ళకు ప్యాకెట్లు కట్టి పంపు విధానమును మిక్కిలి గంభీరముగా వ్రాసి ప్రకటించెను. 2001లో నార్వే దేశపు బెర్గెన్ నగరమున కొందరు ఔత్సాహికులు దానిని నిజముగనే చేసి చూచిరి. తొమ్మిది ప్యాకెట్లు పంపగా నాలుగింటికే జవాబు వచ్చెను. అవియు ఒకటి రెండు గంటలు తీసికొన్నవి. "తక్కిన అయిదు?" అని అడిగితిని. "ఏ మేడమీదో గింజలు తింటూ ఉంటాయి. పావురాల వైపు అంతా సరిగానే ఉంది" అనెను.

తరువాత వాడు గంభీరుడై, "అందిందనే కబురు కూడా ఉత్తరమే గదా పెదనాన్నా. అది అందిందని దాన్ని పంపినవాడికి ఎలా తెలుస్తుంది?" అని అడిగెను. 1975లో అక్కోయున్లు, ఏకనాథం, హ్యూబర్ అను మువ్వురు ఈ చిక్కును రెండు దొంగల ముఠాల ఉదాహరణతో విచారించిరట. 1978లో జిమ్ గ్రే అను నతడు దొంగలను సేనాపతులుగా మార్చెను. రెండు కొండలపై ఇద్దరు సేనాపతులు. నడుమ లోయలో శత్రువు. ఇద్దరును ఒకేమారు దాడి చేసిన గెలుపు, వేర్వేరుగా చేసిన నాశనము. రేపు ఉదయమని మొదటివాడు దూతను పంపును. దూత లోయలో చిక్కుపడవచ్చును. సరేయని రెండవవాడు జవాబు పంపును. ఆ జవాబు చేరినదో లేదో వానికి తెలియదు. చేరినదని మొదటివాడు మరల దూతను పంపవలయును. ఆ దూత చేరినదియు తెలియవలయును. ఎన్ని పర్యాయములు దూతలు నడచినను, చివరి కబురు పంపినవానికి సందేహము మిగిలియే యుండును. పూర్ణనిశ్చయ మసాధ్యమని లెక్క కట్టి రుజువు చేసిరి.

కనుక పంపినవాడు, తప్పక చేరునను పూచీని ఎవరికిని ఇయ్యలేడు. నేను దినమునకు వంద కవరులు పంపినవాడను. ప్రతి కవరు వెంటను పరుగెత్తినచో తొంబదితొమ్మిది కవరులు బల్లపైననే యుండును. ఈ వాదమును ముప్పదియేండ్లు నాకు నేను చెప్పుకొంటిని. అది అసత్యము కాదు. కాని అది నా తప్పును తాకదని ఇప్పుడు తెలిసినది. నిశ్చయమును నేనామెకు బాకీ లేను. నకలు దాచుట, జవాబు కొరకు చూచుట, తిరిగివచ్చినదానిని విప్పి చెప్పుట మాత్రము బాకీయే. మొదటిది చేసితిని, ఏలయన దానికి నిబంధన కలదు. తక్కిన రెండింటికి నిబంధన లేదు. వచ్చి అడుగు మనిషి మాత్రమే యుండెను. ఆమె నాలుగుమారులు తెచ్చినది ఫిర్యాదు కాదు, వార్త. అందలేదను వార్తను అందుకొనుటకే నేనక్కడ కూర్చుండితిని. ఆ వార్తకు బదులుగా నంబరు చూపితిని.

మావాడు ఇప్పుడు ఫిర్యాదు మూయుటకు ముందు ఫోను చేసి, "మీ వైపు ఎలా ఉంది?" అని అడుగుచున్నాడు. దానివలన నెలకు మూయు ఫిర్యాదుల సంఖ్య తగ్గినదనియు, పైయధికారి కారణమడిగెననియు చెప్పెను. "ఏమని చెప్పావురా?" అంటిని. "మా పెదనాన్న తపాలు గుమస్తా అని చెప్పాను. వాడికి అర్థం కాలేదు" అనెను. ఈ యేడు వాని జీతము పెరుగునో లేదో తెలియదు. నా మాట విని నడచినందుకు కలుగు నష్టము వానిది, నాది కాదు. దానిని మరచి ధర్మము చెప్పుట నాకు తగదు.

ఇక మనవంటి కుటుంబములను గూర్చి ఒక్కమాట. ఈ నగరమున తరతరములుగా స్థిరపడిన తెలుగువారము మనము. సంఘము పెట్టితిమి, ఉగాది జరుపుచున్నాము, సంచిక వేయుచున్నాము. పిల్లలకు భాష నిచ్చితిమని చెప్పుకొందుము. మన వైపు అంతయు సరిగానే యున్నది. ఆ మధ్య నా మనుమరాలికి మన పేటకు పురసవాక్కమను పేరు వచ్చుట చెప్పుచు, పురసు అనగా మన మోదుగుచెట్టే యంటిని. కోవెల స్థలవృక్షము అదియే. ఆ పిల్లకు పురసును తెలియదు, మోదుగును తెలియదు. మా అమ్మ మోదుగాకు విస్తరిలో మాకు అన్నము పెట్టెడిదని చెప్పితిని. "తాతా, ఇది వాట్సాపులో వ్రాసి పంపు, నేను చూసుకుంటాను" అనెను. తెలుగులోనే వ్రాసి పంపితిని. రెండు నీలిగీతలు వెంటనే వచ్చినవి. చూచినదని వాని యర్థము. సాయంకాలము అడుగగా, "చూశాను తాతా, కాని చదవడం రాదు" అని నిజము చెప్పెను. ఎన్నియేండ్లుగా ఆ కవరు నా పాదములకు తగులుచున్నదో! ఇప్పుడు ఆదివారములందు ఇద్దరము పలక ముందుంచుకొని కూర్చుండుచున్నాము. 'మో' వరకు వచ్చినది.

ఈ వ్యాసమును సంఘమువారికి పంపితిని. నకలు నావద్ద నున్నది. చదివినవారు సంఘమునకు రెండు పంక్తులు వ్రాసిన చాలును. తప్పులున్నవని వ్రాసినను సంతోషమే. మీ కార్డు అందినదని నేను తప్పక జవాబు వ్రాయుదును. ఆ జవాబు అందినదని మాత్రము మీరు మరల వ్రాయవలదు. ఇద్దరు సేనాపతులవలె మనమును తెల్లవారువరకు కొండలమీద కూర్చుండవలసి వచ్చును.